మాధవి పూచే వేళకు

మాధవీలత అని చెప్పి నర్సరీ కుర్రాడు అంటగట్టిన తీగను ఏడాదిపాటు మురిపెంగా పెంచాను. అది 2015 సంగతి. గుత్తులు గుత్తులుగా పూసింది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరిగే పూలు. వాసనా ఉంది. గ్లకోమాతో ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కంటితో వెలుగునీడలు మాత్రమే పోల్చుకోగలిగే మా అమ్మ పెరటి మెట్టు మీద కూచుని ఓ గుత్తిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ‘‘ఇది రాధామనోహరంరా, మాధవి కాదు’’ అని తేల్చేసింది.

తప్పు ఆ కుర్రాడొక్కడిదే అనలేను. బెంగాల్‌లోనూ ఈ తీగను మాధవీలత అని పిలిచేవారు బోలెడంతమంది. నిజానికి రెండింటికీ చుట్టరికమే లేదు. రాధామనోహరం పువ్వుకు సన్నటి పొడవాటి గొట్టం, దాని చివర నున్నటి రేకులు ఉంటాయి. మాధవికి ఆ గొట్టం ఉండదు. ఐదు రేకుల అంచులూ కుచ్చుల్లా చీలి ఉంటాయి. అందులో ఒక్క రేకు మీద మాత్రం పసుపు పూసినట్టు మరక.

అమ్మ పుట్టింట్లో బావి పక్కన మాధవి పందిరి ఉండేదట. చూపు తగ్గేకొద్దీ ఆమె ఇంట్లో రోజును వాసనలతో లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకుంది. కాఫీ, ఇంగువ, సాయంత్రపు అగరొత్తి. ‘‘మాఘమాసం వచ్చిందని నాకెవరూ చెప్పక్కర్లేకుండా ఆ తీగొకటి పెట్టరా’’ అని అడిగింది.

2016 వానాకాలంలో కడియం నుంచి మొక్క తెప్పించాను. ఎండ బాగా తగిలే చోట గొయ్యి తీసి, మాగిన పశువుల ఎరువు వేసి నాటాను. మొదటి రెండేళ్లూ నీళ్లు పెట్టడం తప్ప దానికి నేను చేసిందేమీ లేదు. రాగి రంగు చిగుళ్లు, ముదిరాక దళసరిగా మెరిసే ఆకులు. ఏడాది పొడవునా పచ్చగానే ఉండేది. పువ్వు మాత్రం లేదు.

శాకుంతలం ఆరో అంకంలో దుష్యంతుడు శకుంతల బొమ్మ ముందు పెట్టుకుని కుమిలిపోయేది మాధవీ మండపంలోనే. కవులకు ఇది సుకుమారి. పెంచినవాణ్ని కనుక నేనా మాట ఒప్పుకోను. కాండం చేవదేరి చెట్టులా లావెక్కుతుంది. వెదురు పందిరి వంగిపోతే ఇనప పైపులు వేయించాల్సి వచ్చింది. మన దేశంలో బుద్ధిగా ఉండే ఈ తీగ మారిషస్, రీయూనియన్ దీవులకు వెళ్లి అక్కడి అడవి చెట్లను కమ్మేస్తోంది. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర దురాక్రమణ జాతుల జాబితాలో దీని పేరుంది. మా వీధిలో అది ఆక్రమించింది పక్కింటివారి కిటికీని. వారు రెండుసార్లు మర్యాదగానే చెప్పారు.

2019 కార్తీకంలో కత్తెర పట్టి తీగ చివర్లన్నీ కత్తిరించేశాను. శుభ్రంగా, పొందిగ్గా కనిపించింది. పూమొగ్గలు వచ్చేది ఆ కొసలకేనని, కత్తిరింపు కాయలు రాలాకే చేయాలని అప్పటికి తెలీదు. 2020 మాఘంలో మెట్టు మీద కూచుని అమ్మ రోజూ అడిగేది, ‘‘ఇంకా లేదా?’’ అని. లేదనేవాణ్ని. ఎందుకు లేదో చెప్పలేదు.

ఆ సెప్టెంబరులో ఇంటిల్లిపాదికీ కొవిడ్ వచ్చింది. అందరం తేరుకున్నాం. అమ్మకు వాసన మాత్రం తిరిగి రాలేదు.

2021 ఫిబ్రవరిలో పందిరి మీద ఆకు కనబడనంతగా పూసింది. గేటు దగ్గరికే వాసన కొట్టేది. గుత్తి కోసి అమ్మ చేతిలో పెట్టాను. చాలాసేపు ముక్కు దగ్గరే ఉంచుకుంది. ‘‘ఏమీ రావడం లేదురా’’ అంది. అప్పుడు చెప్పాను, కత్తెర సంగతి. ఆమె ఏమీ అనలేదు. బొటనవేలితో ఒక్కో రేకు అంచూ తడిమి చూసింది. ‘‘కుచ్చులున్నాయి. ఇది మాధవే’’ అంది.

వేసవిలో కాయలొచ్చాయి. ఒక్కోదానికీ మూడు రెక్కలు. మా అబ్బాయి వాటిని మేడ మీంచి ఒక్కొక్కటే వదులుతుంటే అమ్మ కింద తలెత్తి నిలబడి, ‘‘తిరుగుతోందా?’’ అని అడుగుతూనే ఉంది.