ఇంటిల్లిపాదికీ ఒక బండి

వాహనం మనిషి హోదాను చాటుతుందని లోకం భావిస్తుంది. కాని దాన్ని కొనే వేళ మనిషి ఎవరిని తలచుకుంటాడో, ఎవరిని మరచిపోతాడో గమనిస్తే అతని మనస్సు తెలుస్తుంది. ఒంటరివానికి సైకిలు చాలు. దంపతులకు మోటారు సైకిలు చాలు. ఇంట్లో ఉయ్యాల కట్టిన నాటి నుంచి ఆ లెక్క మారిపోతుంది. 2025వ సంవత్సరం ఆరంభంలో గుంటూరులోని ఒక చిన్న కుటుంబానికి ఎదురైన సమస్య ఇదే.

భర్త ఒక ప్రైవేటు సంస్థలో గుమాస్తా. భార్య పాఠశాల ఉపాధ్యాయిని. వారికి ఎనిమిది నెలల ఆడశిశువు. ఆ ఇంట్లో మరొక ప్రాణి కూడా ఉంది. 2020లో ఒక వానరాత్రి, కాలు విరిగి వీధి అరుగు కింద మూలుగుతున్న కుక్కపిల్లను ఆ దంపతులు లోపలికి తెచ్చారు. కట్టు కట్టి, పాలు పోసి బతికించారు. దానికి రాజు అని పేరు పెట్టుకున్నారు. బిడ్డ పుట్టిన తరువాత రాజు తన పడకను తానే ఉయ్యాల కిందికి మార్చుకున్నాడు.

ఆమె పుట్టినిల్లు నరసరావుపేట సమీపంలోని పల్లె. అంతదాకా మోటారు సైకిలు మీదనే ప్రయాణం. బిడ్డను ఒడిలో అదుముకుని వెనుక కూర్చున్న ఆ తల్లికి, పక్క నుంచి లారీ దూసుకుపోయినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. ఒకనాడు ఇల్లు చేరగానే, "ఇక బిడ్డతో ఈ బండి ఎక్కను" అని తేల్చి చెప్పింది. వారు కూడబెట్టిన సొమ్ము మూడు లక్షల రూపాయలు. ఆ సొమ్ముకు కొత్త కారు అందదు. అప్పు చేయడానికి భర్తకు మనస్కరించలేదు. పాత కారే శరణ్యమయింది.

అంతలో మరొక చిక్కు వచ్చింది. "పసిబిడ్డ ఉన్న ఇంట్లో కుక్క ఎందుకమ్మా? తెచ్చి మన పొలం కాడ వదిలేయండి" అని తల్లి ఫోనులో కూతురికి హితవు చెప్పింది. భర్త కూడా ఊగిసలాడాడు. కుక్కను లెక్కలోంచి తీసివేస్తే ఇంకా చిన్న బండి సరిపోతుంది, కొంత సొమ్ము మిగులుతుంది. భార్య చాలాసేపు మౌనం వహించింది. చివరకు, "మనిద్దరమే ఉన్నప్పుడు వాడు మనకు తోడున్నాడు. ఇప్పుడు మనకు తోడు దొరికిందని వాణ్ణి వదిలేద్దామా?" అని అడిగింది. భర్త దగ్గర సమాధానం లేదు.

మహాభారతం ఆదిపర్వం ఆరంభంలోనే సరమ అనే దేవశునకం తన బిడ్డను అకారణంగా కొట్టారని జనమేజయుణ్ణి నిలదీస్తుంది. కథ ముగింపుకు వచ్చేసరికి, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథం ఎక్కనని ధర్మరాజు నిరాకరిస్తాడు. అంతటి ఇతిహాసానికి రెండు కొసలలోనూ ఒక మూగజీవి నిలిచి మానవుని ధర్మాన్ని పరీక్షించింది. గుంటూరులోని ఆ ఇంటి ముందుకు ఇంద్రరథం రాలేదు. కాని పరీక్ష మాత్రం అదే.

విజయవాడలో ఒక కారు అమ్మకానికి ఉన్నదని తెలిసి భార్యాభర్తలు వెళ్ళారు. సాయంగా మామగారు కూడా వచ్చాడు. ఆయన వ్యవసాయదారుడు, కారు నడపడం ఎరుగడు. కాని ఎడ్ల సంతలో ఆయన మాటకు విలువ ఎక్కువ. ఆ కారు అద్దంలా మెరుస్తున్నది. విశాలమైన సీట్లు, వెనుక కావలసినంత చోటు. ధర అనుకున్నదాని కంటె తక్కువ. అల్లుడు బయానా ఇవ్వడానికి జేబులో చేయి పెట్టాడు.

మామగారు వారించాడు. "ఎద్దును కొనేటప్పుడు కొమ్ములకు పూసిన రంగు చూస్తామా బాబూ? నోరు తెరిచి పళ్ళు చూస్తాం. అరక కట్టి నడక చూస్తాం. ఆ తరవాతే బయానా."

వెంటనే తెలిసిన మెకానిక్‌ను పిలిపించారు. అతడు ఇంజను జోలికి పోక ముందే సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగాడు. దాని కొసన బురద చార ఒకటి గీత గీసినట్లు కనిపించింది. కాళ్ళ కింది తివాచీ ఎత్తాడు. అడుగున ఎండిన ఒండ్రు. సీట్లను బిగించిన బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలను ముంచెత్తినప్పుడు ఎన్నో వాహనాలు నీటి పాలయ్యాయి. ఈ కారు కూడా వరదలో మునిగినదేనని మెకానిక్ తేల్చాడు. వరద నీరు చొచ్చిన బండి బయటికి బాగానే నడుస్తుంది. లోపలి తీగల అతుకులు మాత్రం నెమ్మదిగా తుప్పు పడతాయి. ఎయిర్‌బ్యాగు తెరుచుకోవలసిన క్షణంలోనే అది తెరుచుకోకపోవచ్చు. "ఆ ధరకు అంతకన్నా ఏం వస్తుందండీ?" అన్నాడు అమ్మేవాడు. పైన పటారం, లోన లొటారం అనే సామెత అర్థమై అల్లుడు జేబులోంచి చేయి తీశాడు.

తరువాత గుంటూరులోనే మరొక కారు చూశారు. 2018లో తయారైన చిన్న పెట్రోలు బండి. రంగు వెలిసింది, ఒక తలుపు మీద గీతలు ఉన్నాయి. నలోపాఖ్యానంలో బాహుకుడు బక్కచిక్కిన గుర్రాలను ఎంపిక చేసినప్పుడు ఋతుపర్ణుడు సందేహించినట్లే అల్లుడు కూడా సందేహించాడు. కాని ఆ బండికి ఆది నుంచి యజమాని ఒక్కడే. సర్వీసు రసీదులన్నీ తేదీల వరుసలో ఉన్నాయి. మీటరు చూపిన 48 వేల కిలోమీటర్లకూ ఆ రసీదులలోని అంకెలకూ పొంతన కుదిరింది. టైరు అంచున "1018" అని ఉంది. అంటే అది 2018వ సంవత్సరం పదవ వారంలో తయారైన టైరు. గాడులు మిగిలి ఉన్నా రబ్బరు ముదిరిపోయిందని మెకానిక్ చెప్పగా, ఆ మేరకు ధర తగ్గించమని అడిగారు. రెండు లక్షల యాభై వేలకు బేరం కుదిరింది. మిగిలిన యాభై వేలను టైర్లకు, బీమాకు, పేరు మార్పిడికి, బిడ్డ ఆసనానికి కేటాయించారు.

బయానాకు ముందు భార్య మరొక పరీక్ష పెట్టింది. తోడికోడలి దగ్గర ఎరువు తెచ్చిన బిడ్డ ఆసనాన్ని వెనుక సీటులో, బిడ్డ ముఖం వెనుకకు ఉండేటట్లు అమర్చి, బెల్టు పొడవు చాలుతుందో లేదో చూసింది. తల్లి ఒడిని మించిన రక్షణ లేదని మనవారి నమ్మకం. కాని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఢీకొని సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోతే, ఎనిమిది కిలోల బిడ్డను పట్టి ఆపడానికి నూరు కిలోలకు పైబడిన బరువును మోసేటంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. ఎదుట ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో ఇటువంటి ఆసనాన్ని పెట్టడం మరీ ప్రమాదకరం. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టుతో గాని, తగిన ఆసనంతో గాని భద్రపరచకుండా వాహనం నడిపితే వేయి రూపాయల జరిమానా అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతున్నది.

ఆ తరువాత రాజు వంతు. వెనుక తలుపు ఎత్తి, సామాను అరను ఖాళీ చేసి రాజును ఎక్కించారు. వాడు రెండు చుట్లు తిరిగి ముడుచుకుని పడుకున్నాడు. హఠాత్తుగా బ్రేకు వేస్తే కుక్క ఎగిరి బిడ్డ మీద పడకుండా మధ్యలో ఇనుప జాలి బిగించాలని నిర్ణయించారు. సామాను కారు మీదికి చేరింది.

ఇక మిగిలినవి కాగితాలు. పాత యజమాని తీసుకున్న అప్పు తీరిందనీ, ఆ వివరం రిజిస్ట్రేషను పత్రం నుంచి తొలగిందనీ చూసుకున్నారు. పేరు మార్పిడికి 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు చేశారు. బీమాను కూడా పద్నాలుగు రోజుల లోపు తమ పేరిట మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టారు.

మార్చి 30న ఉగాది. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరక ముందే పల్లె చేరారు. బిడ్డను ఎత్తుకోవడానికి అమ్మమ్మ పరుగున వచ్చింది. అందరూ లోపలికి నడిచారు. ఆమె మాత్రం గుమ్మం దగ్గర ఆగి వెనుదిరిగి చూసింది. "ఎండలో తలుపులు వేసిన బండిలో ఉంటే వాడి ప్రాణం ఏమవుతుంది? ముందు వాణ్ణి దింపండి" అని అల్లుడిని తొందరపెట్టింది. రాజు దిగేసరికి వేపచెట్టు నీడలో మట్టి మూకుడు నిండా నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

వాడు నీళ్ళు తాగుతున్నంతసేపూ ఆమె బిడ్డను చంకన వేసుకుని అక్కడే నిలబడింది. పొలం దగ్గర వదిలివేయమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.