కథలో పోయాడు... కలంతో బతికాడు!

ప్రేమించిన అమ్మాయి దక్కలేదు. ఆమెకు అప్పటికే మరొకరితో పెళ్లి నిశ్చయమైపోయింది. ఇలాంటి కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. అది వినగానే మనకు దేవదాసు గుర్తొస్తాడు. జర్మన్లకైతే వెర్తర్ గుర్తొస్తాడు. 1774లో వచ్చిన ‘యువ వెర్తర్ వేదనలు’ అనే చిన్న నవలకు అతనే నాయకుడు. స్నేహితుడికి రాసుకున్న ఉత్తరాల రూపంలో సాగుతుందా కథ. ప్రేమించిన షార్లెట్‌కు మరొకరితో పెళ్లవుతుంది. ఆ బాధ తట్టుకోలేక వెర్తర్ ప్రాణం తీసుకుంటాడు. మనసు విరిగిన కుర్రాళ్లెందరో ఆ పుస్తకం చదివి ‘ఇది నా కథే’ అనుకున్నారు. కానీ నిజంగా ఆ కథ ఎవరిదో ఆ మనిషి మాత్రం చనిపోలేదు. 82 ఏళ్లు బతికాడు. ఆయనే ఆ నవల రాసిన గోథే!

విలన్ లేని ప్రేమకథ

1772 వేసవి. న్యాయశాస్త్రం చదివిన 22 ఏళ్ల గోథే, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెట్జ్‌లార్ అనే చిన్న పట్టణానికి వచ్చాడు. అక్కడి పెద్ద న్యాయస్థానంలో పని నేర్చుకోవాలి. మనసు అక్కడ నిలిస్తేగా! జూన్ 9న దగ్గర్లోని పల్లెలో జరిగిన నృత్య విందులో షార్లెట్ బుఫ్ పరిచయమైంది. ఆమెకు 19 ఏళ్లు. అంతకుముందు ఏడాదే తల్లి పోయింది. బోలెడంత మంది తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆమే అమ్మ. ఆ ఇంటి సందడి, ఆమె ఓపిక చూసి గోథే మనసు పారేసుకున్నాడు.

షార్లెట్‌కు కెస్ట్‌నర్ అనే ఉద్యోగితో పెళ్లి కుదిరిందన్న సంగతి తెలిశాక కూడా రాకపోకలు ఆగలేదు. పోనీ ఆ పెళ్లికొడుకు చెడ్డవాడా అంటే, అదీ కాదు. నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు. గోథేకు మంచి మిత్రుడు కూడా అయ్యాడు. తిట్టుకుని మనసు తేలిక చేసుకుందామన్నా ఎదురుగా విలన్ లేడు! షార్లెట్ కూడా దాపరికం లేకుండా చెప్పేసింది... స్నేహం తప్ప ఇంకేదీ ఆశించొద్దని.

సెప్టెంబరు 11న గోథే ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఎదుటపడి వీడ్కోలు చెప్పే ధైర్యం లేక, ఇద్దరికీ చీటీలు రాసిపెట్టి లాన్ నది వెంట నడుచుకుంటూ సాగిపోయాడు. మరుసటి ఏడాది వాళ్ల పెళ్లి ఉంగరాలు తానే చేయించి పంపాడు. ఆ ఉంగరాలు చేతిలోకి తీసుకున్నప్పుడు అతని మనసెలా ఉందో ఊహించుకోవాల్సిందే.

నాలుగు వారాల నవల

గోథే ఊరు వదిలిన మరుసటి నెలే వెట్జ్‌లార్‌లో మరో విషాదం జరిగింది. అతనికి తెలిసిన జెరూసలెం అనే యువ అధికారి, పెళ్లైన స్త్రీని ప్రేమించి, నిరాశతో ప్రాణం తీసుకున్నాడు. ఆ వివరాలన్నీ గోథేకు ఉత్తరంలో రాసి పంపింది కెస్ట్‌నరే. 1774 మొదట్లో గోథే ఇష్టపడిన మరో అమ్మాయి మాక్సిమిలియానెకు కూడా పెళ్లైపోయింది. ఇక లోపల దాచుకోలేకపోయాడు. తలుపులు వేసుకుని రాయడానికి కూర్చున్నాడు. నాలుగు వారాల్లో నవల పూర్తయింది.

అందులో మొదటి సగం తన కథ, ముగింపు జెరూసలెంది. అసలు షార్లెట్‌వి నీలి కళ్లు, నవలలో షార్లెట్‌కు మాక్సిమిలియానె నల్ల కళ్లు వచ్చాయి. తనకు నిజంగా జరిగిందాన్ని రాసి, తనకు జరగకూడనిదాన్ని వెర్తర్‌కు అప్పగించాడన్నమాట. అది రాశాక మనసులోని బరువంతా దిగిపోయిందని, తప్పు ఒప్పేసుకున్నవాడిలా తేలికపడ్డానని గోథే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

చదివినవాళ్ల పరిస్థితి అలా లేదు. కుర్రాళ్లు వెర్తర్‌లా నీలి కోటు, పసుపు వెయిస్ట్‌కోటు తొడుక్కుని తిరిగారు. కొందరు అతని దారే పట్టారన్న భయంతో 1775లో లైప్‌జిగ్ నగరంలో ఆ పుస్తకాన్నీ, ఆ వేషాన్నీ నిషేధించారు. నెపోలియన్ అంతటివాడు, దాన్ని ఏడుసార్లు చదివానని 1808లో గోథేతోనే చెప్పాడు. గోథే మాత్రం ఆ పుస్తకం మళ్లీ తెరవడానికి జంకేవాడు. అచ్చయ్యాక ఒక్కసారే చదివానని ముసలితనంలో చెప్పాడు.

బతికినవాళ్ల కథలూ వినాలి

ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో ప్రముఖంగా వస్తే అలాంటి మరణాలు పెరుగుతున్నాయని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లో గమనించాడు. దానికి ‘వెర్తర్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు. 2010లో ఆస్ట్రియా పరిశోధకులు దీనికి రెండో వైపు కూడా చూపించారు. అదే ‘పాపగేనో ఎఫెక్ట్’. మోత్సార్ట్ సంగీత నాటకంలో పాపగేనో ప్రియురాలు దూరమైందని చనిపోబోతుంటే, ముగ్గురు బాలురు ఆపి వేరే దారి చూపిస్తారు. అలా గండం గట్టెక్కినవాళ్ల కథలు వింటే, నిరాశలో ఉన్నవాళ్లకు ఊతం దొరుకుతుందట.

ఇంట్లో కుర్రాడో, అమ్మాయో తిండి మానేసి ఒకే పుస్తకం, ఒకే పాట పట్టుకుని కూర్చుంటే ‘ఇదీ ఓ బాధేనా’ అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని చెప్పనివ్వండి. చెప్పలేకపోతే రాసుకోమనండి. పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే ‘టెలీ మానస్’ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు.

ఇంతకీ షార్లెట్ ఏమైంది? 1816లో 63 ఏళ్ల వయసులో, చెల్లెల్ని చూడ్డానికి వైమార్ వచ్చింది. అప్పటికి భర్త పోయి చాలా ఏళ్లైంది. 67 ఏళ్ల గోథే అక్కడే ఉండేవాడు. ఆమెను భోజనానికి పిలిచాడు. మర్యాదగా మాట్లాడుకున్నారు, అంతే. ఒక ముసలాయన పరిచయమయ్యాడని, ఆయనేమీ తనకు అంతగా నచ్చలేదని ఆమె కొడుక్కి రాసింది. 22 ఏళ్ల వయసులో లోకమంతా తానే అయిన మనిషి, 44 ఏళ్ల తర్వాత భోజనానికొచ్చిన ఓ అతిథి. అది చూడ్డానికి గోథే ఉన్నాడు. వెర్తర్‌కు ఆ అవకాశం లేకపోయింది.