చలి కావాలన్న లిల్లీ

మా పెనుగంచిప్రోలులో పూలమ్మే ఆవిడని లిల్లీ అడిగితే నేలసంపెంగ దండ మూర కొలిచి ఇస్తుంది. తిరుపతమ్మ గుడి దారిలో ఎవరి బుట్ట దగ్గర అడిగినా అంతే. ఆ లిల్లీకి ఎండ ఎంతుంటే అంత మంచిది. అందుకే, నీడలో పూసే లిల్లీ ఉందని మా అమ్మాయి అంటే నమ్మలేదు. తను ఉండేది మిషిగన్లో. ఫోనులో చూపించింది. ఎండ పొడ సోకని సందులో జంట ఆకులు, మధ్యలో వంగిన కాడకి మువ్వలు కట్టినట్టు తెల్లపూలు.

"లిల్లీ ఆఫ్ ద వ్యాలీ, నాన్నా. మన ఉత్తరపు సందులో వేసి చూడు."

మా ఉత్తరపు సందు అంటే ఇంటిగోడకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగులు. పైన పక్కింటివాళ్ల వేపచెట్టు. స్నానాల నీళ్లు అటే పోతాయి. తమలపాకు తీగ, కనకాంబరాలు, వాము మొక్క అన్నీ అక్కడే.

తెలుగు బైబిలు చదివినవాళ్లకి లోయలో పూసే పువ్వు కొత్త కాదు. పరమగీతంలో అది పద్మమైంది. అసలు ఆ పువ్వూ ఈ పువ్వూ ఒకటి కాదంటారు. అనువాదకుల్ని తప్పుపట్టను, మా ఊరి మున్నేటి ఒడ్డువాడికి పద్మమంటేనే తెలుస్తుంది. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ మాత్రం చల్లటి దేశాల మొక్క. ఫిన్లాండుకి 1967 నుంచి జాతీయ పుష్పం. ఫ్రాన్సులో మే 1న ఒకరికొకరు దీని రెమ్మ ఇచ్చుకుంటారు. విచిత్రమేమిటంటే, మల్లెనుంచి తీసినట్టు దీన్నుంచి అత్తరు తీయడం కుదరదు. 1956లో డియోర్ వారి డియోరిస్సిమో అనే సెంటు కోసం ఎడ్మండ్ రుడ్నిట్‌స్కా ఈ వాసనని వేరే సరుకులతో అల్లాడు.

దాని వేళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. అమ్మినవాళ్లు నీడలో పెరుగుతుందని రాశారు. నిజమే. చలి సంగతి మాత్రం రాయలేదు. ఆ వేళ్లు చలికాలంలో బాగా చల్లబడ్డ నేలలో పడుకుంటే తప్ప వసంతంలో పూయవట. అది అమ్మాయి చెబితే తెలిసింది. డిసెంబరులో తడి ఇసుకలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పెరుగుగిన్నె పక్కన సన్నటి తేగపిల్లల్లా మొనలు తేలి ఉన్నాయి.

"ఇవి ఉడకేసుకోవాలా?" అంది మా ఆవిడ.

ఆకు, వేరు, ఎర్రటి కాయ, పూలు పెట్టిన కూజాలో నీళ్లు కూడా విషమే, గుండె లయ తప్పిస్తుందని చెప్పాను. పెరుగుగిన్నె వెంటనే పై అరకి మారింది. ఆ డబ్బా మీద పుర్రెబొమ్మ కూడా వేసింది. నాకంటే బాగానే వేసింది.

సంక్రాంతి వెళ్లాక ఆకుఎరువు కలిపి నాటాను. రెండాకులొచ్చాయి. ఆ వారం రోజులూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని సందులో నిలబడ్డాను. ఫాల్గుణంలో తిరునాళ్లకి బళ్లు కట్టుకుని జనం దిగేసరికి ఆకుల అంచులు మాడాయి. ఉగాదికి ఏమీ లేదు. తవ్వి చూస్తే వేరు మెత్తబడి చేతికి అంటుకుంది. జగ్గయ్యపేట, నందిగామ వైపు ఎండ సంగతి తెలిసిందే. మా నీడ ఎండని ఆపుతుంది, చలిని ఎక్కడినుంచి తెస్తుంది?

రోహిణి కార్తె చివర్లో ఒక జల్లు పడింది. తెల్లారి చూస్తే, ఆ గుంటకి జానెడు దూరంలో ఆకు లేకుండా ఒట్టి కాడ. నాలుగోనాటికి దానిమీద ఎర్రటి బంతి, వందకి పైగా చిన్నపూలు పుల్లల్లా విచ్చుకుని. ఫుట్‌బాల్ లిల్లీ. మా అమ్మ ఎప్పుడో పాతిన గడ్డ. చలికాలంనుంచీ గోడవారన నీళ్లు అందని ఎండు మట్టిలో పడుకుని ఉంది. దానికీ నిద్ర కావాలి, కాకపోతే ఎండు నిద్ర. ఆకులు పూవు తర్వాతే వస్తాయి. అదీ ఆఫ్రికానుంచి వచ్చిందే, దాని గడ్డా విషమే. నేను మాత్రం ఇన్నేళ్లూ దాన్ని మనదే అనుకున్నాను.

ఫొటో పంపాను. అక్కడ దొరుకుతుందేమో వెతుకుతానంది అమ్మాయి. మంచు నేలలో పాతొద్దు, కుండీలో వెయ్యి, చలికాలం ఇంట్లోకి తెచ్చి నీళ్లు మానెయ్యి అన్నాను. ఎన్ని నెలలు మానాలని అడిగింది. ఉగాదిదాకా అన్నాను.