నాన్న మెయిళ్ళు, నా డిస్కులో

"అన్నీ జీమెయిల్లో భద్రంగానే ఉన్నాయిగా, మళ్ళీ నీ లినక్సు డబ్బాలోకి దించుకోవడమెందుకు?" అంటాడు మా తమ్ముడు. రెండేళ్ళు తెరవని ఖాతాల్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది మరి. నాన్న పోయి ఏడాది దాటింది.

ఫెచ్‌మెయిల్ నాకు నచ్చదు. 'కీప్' అని చెప్పకపోతే, తెచ్చినదాన్ని సర్వరులో చెరిపేసే రకం. అందుకే ఎంబీసింక్ పెట్టాను. 'సింక్ పుల్‌న్యూ' అని రాస్తే కొత్తవి దించుకుంటుందంతే, అక్కడ మాయమైనా ఇక్కడివి ముట్టుకోదు. మామూలు జీమెయిలు పాస్‌వర్డు ఇలాంటివాటికి 2022 మే నుంచి చెల్లదు, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు కావాలి. రెండంచెల తనిఖీకి నాన్న ఫోను నా దగ్గరే ఉండటం కలిసొచ్చింది.

మెయిల్‌డిర్‌లో ఉత్తరానికో ఫైలు. ఆయన తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు కాబట్టి 'తిన్నావా' అని గ్రెప్ చేస్తే దొరికేస్తున్నాయి. యూనికోడులో రాసుంటే బేస్64 ముసుగులో చాలావరకు చిక్కేవి కావు. స్పెల్లింగు మాత్రం రోజుకోలా! ఇప్పటికి నాలుగు రకాలు పట్టుకున్నాను.