హామర్‌ఫెస్ట్‌లో మా ఊరి మంట

నవంబరు చివర్లో మధ్యాహ్నం రెండు గంటలకి హామర్‌ఫెస్ట్‌లో దిగాను. అప్పటికే చిమ్మచీకటి. నార్వే ఉత్తరపు అంచున, 70వ అక్షాంశం కూడా దాటాక ఉండే చిన్న ఊరది. ఆ రోజుల్లో దాదాపు రెండు నెలలు అక్కడ సూర్యుడు పైకే రాడు. హోటల్ కిటికీలోంచి చూస్తే, ఎదురుగా సముద్రంలో ఉన్న దీవి మీద పొడవాటి మంట ఒకటి ఊగుతోంది.

మాది కోనసీమ. కొబ్బరి తోటల వెనక రాత్రంతా ఆరని గ్యాస్ మంట చూస్తూ పెరిగినవాణ్ని. చలికోట్లు కొనుక్కుని ఇంత దూరం వచ్చి, మళ్లీ దీని ముందే నిలబడ్డానేంట్రా బాబూ అనిపించింది.

నేను ఓస్లోలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. సెన్సార్లు పంపే లెక్కల్ని డాష్‌బోర్డు మీద చూపించే పని. గ్యాస్ ప్రాజెక్టులోకి మారతావా అని మేనేజర్ అడిగాడు, వారంలో చెప్పమన్నాడు. జీతం ఎక్కువ. నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "అక్కడా గ్యాసేనా?" అన్నారు. అంతే. ఆ రెండు ముక్కల వెనక పాశర్లపూడి ఉందని నాకు తెలుసు. 1995 జనవరి 8న అక్కడ బావి బ్లోఅవుట్ అయితే మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. నేను పుట్టడానికి రెండేళ్ల ముందు మాట. ఆ చప్పుడెలా ఉండేదో నాన్న ఇప్పటికీ నోటితో చేసి చూపిస్తారు.

సరే, ఒప్పుకునే ముందు కళ్లతో చూద్దామని సెలవు పెట్టి వచ్చాను.

ఆ దీవి పేరు మెల్కోయా. అక్కడికి గ్యాస్ సుమారు 140 కిలోమీటర్ల అవతల, బారెంట్స్ సముద్రం అడుగున ఉన్న స్నోవిట్ క్షేత్రం నుంచి పైపులో వస్తుంది. నీళ్ల పైన ప్లాట్‌ఫారం ఉండదు, మొత్తం సముద్రం అడుగునే. గ్యాస్‌ని మైనస్ 160 డిగ్రీల దాకా చల్లబరిచి, ద్రవంగా మార్చి ఓడలకి ఎక్కిస్తారు. అందులోంచి విడదీసిన కార్బన్ డయాక్సైడ్‌ని తిరిగి భూమిలోకే పంపేస్తారు. 2007 నుంచి నడుస్తోంది. ఇంజనీరింగ్ చదివినవాడిగా చెప్తున్నా, నోరెళ్లబెట్టాల్సిందే. అలాంటి చోట కూడా 2020 సెప్టెంబరులో అగ్నిప్రమాదం జరిగి ఏడాదిన్నరకి పైగా మూతపడింది. తెరుచుకునేసరికి 2022, యుద్ధం మొదలైంది. రష్యా గ్యాస్ తగ్గి, యూరప్ మొత్తం నార్వే వైపు చూస్తోంది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ సముద్రం కథ. నార్వే, సోవియట్ యూనియన్ దాన్ని పంచుకోవడంలో తేడాలొచ్చి 1970లలో చర్చలకి కూర్చున్నాయి. రెండు తీరాలకి మధ్యగా గీత గీద్దామని ఒకరు, ధ్రువం వైపు నిట్టనిలువుగా గీద్దామని ఇంకొకరు. మధ్యలో మిగిలిన వివాదాస్పద ప్రాంతం 1,75,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది! మనకి వారం రోజులు మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ ఉంటేనే పిచ్చెక్కుతుంది కదా, వీళ్లది 40 ఏళ్లు నడిచింది. తేలేదాకా అక్కడ చమురు, గ్యాస్ తీయడం మొదలవలేదు. 2010 సెప్టెంబరు 15న ముర్మాన్స్క్‌లో సంతకాలయ్యాయి, ఇంచుమించు చెరి సగం.

ఆ ఒప్పందంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. గీతకి అటూ ఇటూ పాకిన చమురు, గ్యాస్ నిక్షేపం ఏదైనా బయటపడితే ఎవరికి వాళ్లు తోడేసుకోకూడదు, ఒకే క్షేత్రంగా లెక్కగట్టి కలిసి తీయాలి. భూమి కింద గ్యాస్‌కి గీతలు తెలియవు కదా. మన కె.జి. బేసిన్‌లో పక్క బ్లాకు గ్యాస్ ఇటు జారిపోయిందంటూ మొదలైన గొడవ ట్రిబ్యునళ్లు, కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. వీళ్లు బావి తవ్వకముందే రాసుకున్నారు.

కానీ అంత జాగ్రత్తగా రాసుకున్నా, ఆ గ్యాస్ వాళ్లని కలిపిందా అంటే, లేదు. రష్యా వైపున్న ష్టోక్‌మన్ అనే భారీ క్షేత్రాన్ని రష్యా, ఫ్రెంచ్, నార్వే కంపెనీలు కలిసి తవ్వుదామనుకున్నాయి. 2012లో పక్కన పెట్టేశారు. అప్పటికి యుద్ధం లేదు. ఖర్చు పెరిగింది, అమెరికాలో షేల్ గ్యాస్ వచ్చి పడింది, గిట్టుబాటు కాలేదు. అంతే. 2022 మార్చిలో ఆర్కిటిక్ కౌన్సిల్‌లోని మిగతా 7 దేశాలు రష్యాతో కూర్చోవడం ఆపేశాయి. 2013 నుంచి మన దేశం కూడా అక్కడ పరిశీలక హోదాలో ఉంది.

మరి ఏది మిగిలింది? చేప! కాడ్ చేపని ఎవరెంత పట్టాలో తేల్చడానికి నార్వే, రష్యా 1970ల నుంచి ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. 2022 తర్వాత కూడా ఏటా కోటా తేల్చుకుంటూనే ఉన్నాయి. గ్యాస్‌ని వదిలేస్తే భూమిలోనే ఉంటుంది. చేపని ఒకరు అతిగా పడితే మరుసటేడు ఇద్దరికీ ఉండదు. ఇద్దరూ మాట్లాడుకునేలా చేసేది ఆ భయమే అని నాకనిపిస్తుంది.

మెల్కోయా ప్లాంటుకి ఇకపై గ్రిడ్ కరెంటు వాడతామంటే 2023లో ప్రభుత్వం సరేనంది. వాతావరణానికి మంచిదే. కానీ కొత్త కరెంటు లైన్లు పోయేది రెయిన్‌డీర్‌లు మేసే నేలల మీదుగా. సామీ కాపరులు వద్దంటున్నారు. అది చదువుతుంటే మా ఊళ్లోనే ఉన్నట్టనిపించింది. గ్యాస్ ఎక్కడికో పోతుంది, మంట ఇక్కడుంటుంది.

వారం అయ్యాక మేనేజర్‌కి చెప్పాను. వస్తాను, కానీ ఉత్పత్తి లెక్కల డాష్‌బోర్డు కాదు, లీకేజీ అలారాల వైపు వేయండి అని. అది బోరింగ్ పని, ఎవరూ అడగరు అన్నాడు. అడిగాను కాబట్టి ఇచ్చాడు. దీంతో లోకం మారిపోతుందని నేనేమీ అనుకోవడం లేదు. జీతం కూడా కావాలి, అబద్ధమెందుకు.

ఆ హోటల్ గదిలోంచి చివరి రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి, ఫోన్ కిటికీ వైపు తిప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మన దానికన్నా చిన్నదేరా" అన్నారు.