ఆటపాక గట్టు మీద పరిణామ పాఠం

వట్లూరు నుంచి ఏలూరు మీదుగా కైకలూరు వైపు సాగే కొద్దీ వరిచేలు వెనకబడి, గట్లు కట్టిన చేపల చెరువులు కనుచూపు మేర పరుచుకుంటాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడి, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీటిని నింపుకొని ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి వదిలే కొల్లేరు సరస్సులో భాగమైన ఆటపాక పక్షుల కేంద్రం, డిగ్రీలో జీవశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థికి జీవావరణ, పరిణామ శాస్త్రాలను ఒకే చోట చూపుతుంది.

శీతాకాలంలో పడవలో లోపలికి వెళితే, అటవీశాఖ నీటిలో పాతించిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పక్కపక్కనే పిల్లలను సాకుతూ కనిపిస్తాయి. ఒకే నీటిలో చేపల మీద బతికే ఈ రెండు జాతులు కలిసి ఎలా మనగలుగుతున్నాయో వాటి ముక్కులు చెబుతాయి: గూడబాతు ఈదుతూ, కింది దవడకు వేలాడే సంచిని వలలా ముంచి చేపలను నీటితో సహా తోడుకుంటే, ఎర్రకాళ్ల కొంగ లోతు తక్కువ నీటిలో నడుస్తూ, సగం తెరిచిన ముక్కును అటూ ఇటూ ఆడించి, చేప తగలగానే టక్కున మూస్తుంది. ఏం తినాలి, ఎక్కడ, ఎలా తినాలి అన్న విషయాల్లో ఒక జాతికి ప్రత్యేకమైన ఈ జీవన విధానాన్నే శాస్త్రవేత్తలు నిచ్ అంటారు.

నత్తల మీద ఆధారపడే నత్తగుల్ల కొంగ పరిణామ పాఠానికి మరింత అనువైనది. పెద్ద పక్షి ముక్కు మూసినా దవడల మధ్య సందు మిగులుతుంది. పిల్లల ముక్కుకు ఆ సందు ఉండదు, ఎదిగే కొద్దీ ఏర్పడుతుంది. ఇది ఒక్క పక్షి ఎదుగుదలే గాని పరిణామం కాదు. వారసత్వంగా సంక్రమించే తేడాలలో బతుకుతెరువుకు పనికొచ్చేవి ఉన్న జీవులు ఎక్కువ సంతానాన్ని మిగల్చడం ప్రకృతి వరణమనీ, తరతరాలుగా ఆ లక్షణాలు జనాభాలో స్థిరపడడం పరిణామమనీ విద్యార్థి గ్రహించాలి.

పక్షుల సంఖ్యను తిండి ఒక్కటే నిర్ణయించదు, గూడు కట్టే చోటు కూడా నిర్ణయిస్తుంది. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ గుర్తించిన కొల్లేరు ప్రాంతపు గూడబాతుల స్థావరం 1975 ప్రాంతంలో కనుమరుగైంది. ఆ తరువాత చాలా కాలానికి అవి తిరిగి వచ్చి గూళ్లు కట్టాయి. ఏది కొరవడితే సంఖ్య పెరగకుండా ఆగిపోతుందో దానిని పరిమిత కారకమంటారు. చెట్లు చాలని ఆటపాకలో ఆ కొరతను తీర్చేవి ఇనుప స్టాండ్లే.

కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు లభించింది, 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. కొంగ ముక్కు ఇప్పటి రూపానికి రావడానికి లెక్కలేనన్ని తరాలు పట్టగా, సరస్సు చెరువులుగా మారడానికి కొన్ని దశాబ్దాలే పట్టాయి. ఆ వేగాన్ని ప్రకృతి వరణం అందుకోలేదు. అందుచేత ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల అధ్యాపకులు పరిణామ అధ్యాయాన్ని తరగతి గదిలోనే ముగించక, గూళ్ల కాలంలో ఒక్క రోజైనా విద్యార్థులను ఆటపాకకు తీసుకువెళ్లి, ఏ స్టాండు మీద ఏ జాతి గూళ్లు ఎన్ని ఉన్నాయో వారి చేతనే లెక్కకట్టించి రాయించాలి.