రంగు వదిలినా ఉప్పు వదలదు

మన ఇళ్లల్లో దండెం మీద ఆరే బనియన్లు, పిల్లల టీషర్టులు చాలావాటికి పుట్టిల్లు తమిళనాడులోని తిరుపూర్. సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఈరోడ్ దాటాక, కోయంబత్తూరుకి ముందు వస్తుంది. ఖాదర్‌పేట బజారులో ఎగుమతికి పోగా మిగిలిన దుస్తులు గుట్టలుగా పోసి అమ్ముతారు. బేరమాడే ఓపిక ఉండాలేగాని సంచి నిండిపోతుంది!

బజారు చూశాక ఊళ్లోంచి పారే నొయ్యల్ నదినీ ఒకసారి చూడాలి. వెల్లియంగిరి కొండల్లో పుట్టి కావేరిలో కలిసే చిన్న నది ఇది. ఒకప్పుడు అద్దకం నీళ్లు కలిసి రంగురంగులుగా పారేది. కానీ కనిపించే రంగుకంటే కనిపించని ఉప్పే ఎక్కువ హాని చేసింది.

కొత్త చీరను మనం ఉప్పునీళ్లలో నానబెడతాం కదా! అద్దకంలోనూ నూలుకి రంగు బాగా పట్టడానికి ఉప్పు వేస్తారు. ముదురు రంగులకైతే లీటరు నీటికి 60 నుంచి 80 గ్రాముల దాకా. సముద్రపు నీళ్లలో ఉండేది లీటరుకు సుమారు 35 గ్రాములే! మందులు వేసి రంగు తేర్చినా, ఉప్పు మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది.

ఊరికి దిగువన ఒరత్తుపాళయం దగ్గర 1992లో పొలాల కోసం డ్యామ్ కట్టారు. అందులో అద్దకం నీళ్లు చేరాయి. చుట్టుపక్కల బావులు ఉప్పనయ్యాయి, పైర్లు దెబ్బతిన్నాయి. రైతులు కోర్టుకెక్కారు. మురుగునీళ్లు చుక్క కూడా బయటికి వదలని ఏర్పాటు చేసుకునేదాకా అద్దకం యూనిట్లు మూసేయమని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. 700కు పైగా యూనిట్లు మూతపడ్డాయి. వాటిని నమ్ముకున్న కూలీల కుటుంబాలు కూడా ఇబ్బంది పడ్డాయి.

తర్వాత పద్ధతి మారింది. వాడిన నీళ్లు చాలావరకు గొట్టాల ద్వారా ఉమ్మడి శుద్ధి కేంద్రాలకు వెళతాయి. ముందు రంగు, మురికి తీసేస్తారు. తర్వాత మన వంటింటి ఆర్.ఓ. మిషన్‌లాంటివే పెద్ద యంత్రాలు నీటిని వడకడతాయి. మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లను మరిగించి ఉప్పు తీస్తారు. ఆ నీళ్లూ, ఆ ఉప్పూ మళ్లీ అద్దకానికే! నూటికి 90 వంతులకు పైగా నీరు తిరిగి వాడకంలోకి వస్తోంది. తక్కువ నీళ్లతో పనిచేసే అద్దకం యంత్రాలూ వచ్చాయి.

అంతా బాగైపోయిందనలేం. మరిగించడానికి ఖర్చెక్కువ. మళ్లీ వాడటానికి పనికిరాని ఉప్పు మూటలు పేరుకుపోతున్నాయి. చాటుగా మురుగు వదిలే యూనిట్లూ అప్పుడప్పుడు పట్టుబడుతున్నాయి.

మరి మనమేం చేయగలం? లేత రంగులకి ఉప్పు తక్కువ పడుతుంది, తెల్లవాటికి అసలు అక్కర్లేదు. రోజూ ఇంట్లో వేసుకునే వాటికి అవి చాలు. నాలుగు చవకరకం కొనే బదులు రంగు నిలిచేవి రెండు కొనండి. ఈసారి మరీ కారుచౌకగా ముదురు రంగు టీషర్టు కనిపిస్తే, ఆ నీళ్లు శుభ్రం చేసిన ఖర్చు అందులో ఉందో లేదో ఒక్కసారి ఆలోచించండి.